వెచ్చటి మడి

పెరట్లో మంచు ఇంకా మోకాలిలోతు ఉండగానే ఆండాళమ్మ గారు గోంగూర విత్తనాలు నానబెట్టారు.

"అత్తయ్యగారూ, ఇది మార్చి నెలండీ. లేహ్‌లో మే నెలాఖరు దాకా ఎవరూ విత్తనం వెయ్యరు," అంది కోడలు హైమవతి, ఆఫీసుకి బయల్దేరుతూ.

"కిందటేడు మే నెలాఖరునే కదుటే వేశాం? ఏమైంది? జానెడు లేచేసరికి మంచు పడి నల్లగా మాడిపోయింది. ఇంట్లో సైంటిస్టుని పెట్టుకుని గోంగూర పచ్చడికి మొహం వాచిపోయానంటే నలుగురూ నవ్వుతారు."

హైమవతి పనిచేసేది చలి ప్రాంతాల పంటల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో. భర్త పరాంకుశం అక్కడే ఒక స్కూల్లో లెక్కల మాస్టారు. ఆవిడకి ఉద్యోగం వచ్చిందని ఆయన, ఆయన వచ్చాడని వాళ్ళమ్మ ఆండాళమ్మ గారు, నరసాపురం నుంచి ఇంత ఎత్తుకి ఎక్కి వచ్చారు. అద్దెకుంటున్నది టాక్సీ నడిపే రిగ్జిన్ ఇంట్లో సగం వాటా. మిగతా సగంలో రిగ్జిన్, అతని భార్య డోల్కర్, అతని తల్లి. ఆ ముసలమ్మని అందరూ అబీ అంటారు, అంటే అవ్వ. ఆవిడకి లద్దాఖీ తప్ప మరో భాష రాదు. ఆండాళమ్మ గారి హిందీలో ముప్పాతిక తెలుగే. అయినా ఇద్దరూ మధ్యాహ్నాలు ఎండలో కూర్చుని ఎవరి భాషలో వాళ్ళు గంటల తరబడి మాట్లాడుకునేవారు. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం వల్ల ఏనాడూ పొరపొచ్చాలు రాలేదు.

అత్తగారి దెప్పిపొడుపు హైమవతికి బాగానే తగిలింది. ఎందుకంటే ప్రయోగశాలలో ఆవిడ బల్ల మీద ఒక గాజు జాడీ ఉంది. అందులో ఒక బూజు ఉంది.

మూడేళ్ళ కిందట ఒక వేడినీటి బుగ్గ పక్కన రాళ్ళ సందుల్లో దొరికిందది. తెల్లటి సన్నటి పోగులు. ఆ పోగుల ఒక కొసని గోరువెచ్చటి నీళ్ళలోనూ రెండో కొసని మంచుగడ్డ మీదా ఆనించి హైమవతి కాఫీకి వెళ్ళొచ్చేసరికి మంచుగడ్డ కరిగిపోయి ఉంది. నీళ్ళు చల్లబడిపోయి ఉన్నాయి. ఆ రోజు ఆవిడ రెండో కాఫీ తాగడం మర్చిపోయింది. వేడి ఉన్నచోటి నుంచి లేనిచోటికి మోసుకుపోవడమే ఆ బూజు బతుకు. దారిలో తనకి కావలసింది తను తింటుంది. మధ్యాహ్నం ఎండకి కాగే నల్లరాళ్ళని పొలం గట్టున పేర్చి, ఆ వేడిని ఈ పోగుల ద్వారా మొక్కల వేళ్ళకి అందిస్తే మార్చిలోనే నాట్లు వెయ్యొచ్చునని ఆవిడ ఆలోచన. పొలంలో ప్రయత్నించడానికి అనుమతి అడిగి ఎనిమిది నెలలైంది. ఫైలు ఢిల్లీ నుంచి కదల్లేదు.

ఆ సాయంత్రం హైమవతి టిఫిను డబ్బాలో కాస్త బూజు పెట్టుకుని ఇంటికొచ్చింది.

"ఏవిటే అది, వెన్నా?" అన్నారు ఆండాళమ్మ గారు మూత తీసి.

"ముట్టుకోకండి అత్తయ్యగారూ! బూజు."

"నెలకి అంత జీతం తీసుకుని నువ్వు చేసేది బూజు పెంచడమా! మా ఇంట్లో ఆవకాయ మీద ఊరికే పెరిగేది."

అయినా ఆ ఆదివారం కొడుకు చేత మంచు తవ్వించింది ఆవిడే. పరాంకుశం గునపంతో గడ్డకట్టిన నేలని పొడుస్తుంటే నిప్పురవ్వలు లేచాయి. పిట్టగోడ పక్కన నల్లరాళ్ళు పేర్చారు. మట్టిలో పోగులు కలిపారు. టమాటా, వంకాయ, గోంగూర, చివర ఒక వరస బెండ. పక్క వాటా గోడ మీంచి చూస్తున్న రిగ్జిన్‌కి నవ్వాగలేదు.

"మాస్టర్‌జీ, వీటికి స్వెటర్లు కూడా అల్లండి," అన్నాడు.

పదోనాటికి అతని నవ్వు ఆగిపోయింది. చుట్టూ తెల్లటి మంచు, మధ్యలో మంచం వేసినంత నల్లటి మడి, దానిలోంచి ఆవిరి. ఆ ఆవిరిలో గోంగూర మొలకలు ఎర్రటి కాడలతో నిక్కి చూస్తున్నాయి. ఆండాళమ్మ గారు కోడలి బుగ్గలు రెండు చేతులా పుణికి మెటికలు విరిచారు. పెళ్ళైన పన్నెండేళ్ళలో ఆవిడ ఆ పని చేయడం అదే మొదలు. హైమవతి ఆఫీసులో కూర్చుని కూడా ఆ రోజంతా బుగ్గలు తడుముకుంది.

వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. మనుషుల తర్వాత కుక్కలొచ్చాయి. లేహ్‌లో వీధికుక్కలకి లోటు లేదు. ఆ చలిలో వెచ్చటి నేల ఒకటుందని వాటికి ఎవరు చెప్పారో, ఒక్కొక్కటే వచ్చి మడి గట్ల మీద ముడుచుకు పడుకున్నాయి. తరిమితే లేచి ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ అక్కడే పడుకునేవి.

ప్రయోగశాల డైరెక్టరుకి విషయం తెలిసింది. అనుమతి లేకుండా చేసినందుకు ముందు కేకలేశాడు. ఫొటోలు చూశాక కుర్చీలోంచి లేచాడు. ఢిల్లీ నుంచి కమిటీని పిలిపిస్తున్నానన్నాడు. అనుమతి సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఇంట్లో మాత్రం పాలు తోడుకోవడం మానేశాయి.

మొదట ఆండాళమ్మ గారు పాలని తిట్టారు. తర్వాత తోడుని తిట్టారు. ఆపైన కొడుకుని తిట్టారు. ఇంట్లో చలి పొయ్యి, బుఖారీ అంటారే, ఆ ఇనప పొయ్యి ఎర్రగా మండుతూనే ఉంది. దాని పక్కనే గిన్నె పెట్టినా తెల్లారేసరికి పాలు పాలలాగే ఉండేవి. దోసెల పిండి పొంగలేదు. కాఫీ గ్లాసు నోటిదాకా వచ్చేసరికి చల్లారిపోతోంది. పరాంకుశం ఇంట్లో మూడు స్వెటర్లు వేసుకుని, వీధిలోకి వెళ్ళేటప్పుడు ఒకటి తీసేసి వెళ్ళేవాడు.

"హైమా, ఇంట్లోకంటే బయట నయంగా ఉందోయ్," అన్నాడు ఓ రోజు.

"ఈ ఏడు చలి ఎక్కువండీ. కట్టెలు ఇంకాస్త వెయ్యండి," అంది ఆవిడ. కమిటీకి చూపించవలసిన పటాలు గీసుకుంటోంది. ఆవిడ చెవికి ఇంకేమీ ఎక్కడం లేదు.

డోల్కర్ కూడా వచ్చి గోడు చెప్పుకుంది. చెల్లెలి పెళ్ళికని బార్లీతో ఛాంగ్ పెట్టింది. అది వాళ్ళ పెళ్ళిళ్ళలో అందరికీ పోసే, కల్లులాంటి పులిసిన పానీయం. కుండకి కంబళ్ళు చుట్టి పది రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. "ఛాంగ్ లేకుండా పెళ్ళంటే మా చెల్లెలి అత్తింటివాళ్ళు నన్ను బతకనివ్వరు అక్కా. కింద కొట్టంలో ఆవు ఈనింది. దూడ ఒకటే వణుకు. మా ఇంటికి ఏదో పట్టింది. లామాని పిలుస్తా," అంది.

"పిలువు. మా పాలకి కూడా ఓ మంత్రం వెయ్యమను," అంది హైమవతి నవ్వుతూ.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఉదయం పరాంకుశం తల్లికి కాఫీ ఇవ్వడానికి గదిలోకి వెళ్ళాడు. ఆవిడకి మంచం పడదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నేల మీదే పడక. పరుపు మీద రెండు రగ్గులు కప్పుకుని పడుకుని ఉన్నారు. పిలిస్తే పలకలేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే మంచు ముద్దలా ఉంది.

"హైమా!"

ఆ కేకకి హైమవతి చేతిలో గిన్నె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఊపిరి ఆడుతోంది. అంతవరకే. బుఖారీ దగ్గరికి మోసుకెళ్ళారు. పొయ్యి నిండా మంట, గదిలో మాత్రం వెచ్చదనం లేదు. అంబులెన్సుకి ఫోను చేస్తే దారిలో మంచు తీస్తున్నారు, అరగంట పడుతుందన్నారు.

"ఎక్కడైనా వెచ్చగా ఉండాలి, వెంటనే," అంది హైమవతి. అని, ఒక్క క్షణం ఆగి, భర్త మొహంలోకి చూసింది. అతనూ ఆవిడ మొహంలోకి చూశాడు.

ఇద్దరూ ఆండాళమ్మ గారిని రగ్గులతో సహా ఎత్తి పెరట్లోకి పరుగెత్తారు. టమాటా మొక్కల మధ్య వెచ్చటి మట్టిలో పడుకోబెట్టారు. కుక్కలు మర్యాదగా జరిగి చోటిచ్చి, ఆనక వచ్చి ఆవిణ్ణి ఆనుకుని పడుకున్నాయి. పరాంకుశం తల్లి అరికాళ్ళు రుద్దుతూ ఏడుస్తున్నాడు. గోడ మీంచి అబీ పెద్దగా ఏదో మంత్రం చదువుతోంది. కాసేపటికి ఆండాళమ్మ గారి పెదవులకి రంగు వచ్చింది. కళ్ళు తెరిచారు. అటూ ఇటూ చూశారు.

"గోంగూర తొక్కుతున్నావురా, వెధవా," అన్నారు.

పరాంకుశం మట్టిలోనే కూలబడి నవ్వాడు. హైమవతి నవ్వలేదు. లేచి లోపలికి వెళ్ళింది. అత్తగారి పరుపు ఎత్తి చూసింది.

మట్టి నేల పగుళ్ళలోంచి తెల్లటి పోగులు పైకొచ్చాయి. అవి ఆవిడ పడుకునే చోట, సరిగ్గా ఆవిడ వీపంత మేర, దుప్పటిలా అల్లుకుని ఉన్నాయి. నల్లరాళ్ళు సాయంత్రానికి చల్లారిపోతాయి. ఇల్లు చల్లారదు. ఆ సంగతి ఆ బూజు మొదటివారంలోనే కనిపెట్టేసింది. పొయ్యి కింద, పాలగిన్నె పెట్టే అరుగు కింద, అన్నిచోట్లా అవే పోగులు. గోడ కిందుగా తవ్వితే అటు డోల్కర్ ఇంటివైపు, కొట్టంవైపు తాళ్ళలా సాగిపోయాయి.

హైమవతి పార పట్టుకుని కొట్టంలోకి వెళ్ళింది. దూడ మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. దాని కడుపు కింద గడ్డిలో తెల్లగా మెరుస్తున్నాయవి. దూడని ఒళ్ళోకి తీసుకుని ఆవిడ అక్కడే కూర్చుండిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి చలేస్తోందండీ మీకు?" అని ఆ మధ్యాహ్నం అత్తగారిని అడిగింది. డాక్టరు వచ్చి చూసి, ఇక భయం లేదని చెప్పి వెళ్ళాడు. డోల్కర్ వాళ్ళింట్లో పై అంతస్తులో, నేలకి దూరంగా మంచం వేసి ఆవిణ్ణి పడుకోబెట్టారు.

"ఉగాది నుంచి."

"మరి చెప్పరేం?"

"చెప్తే నువ్వు ఆ మడి తీసేస్తావని," అన్నారావిడ గోడవైపు తిరిగి. "నీ పేరు పేపర్లో పడుతుందన్నాడు వాడు. నా గోంగూర నా గోంగూరే, నీ పేరు కూడా పడాలి కదా."

హైమవతి అత్తగారి కాళ్ళ మీద రగ్గు సర్దింది.

మొక్కలు పీకేస్తే సరిపోదు. మొక్కలు లేకపోయినా పెరట్లో చలి ఉన్నంతకాలం ఆ పోగులు ఇళ్ళలోంచి వేడి లాగుతూనే ఉంటాయి. ప్రయోగశాలకి వెళ్ళి జాడీలో చూసింది. రెండు కొసలూ మంచులోనే ఉంచితే మోయడానికి వేడి దొరక్క, మర్నాటికి పోగులు గోధుమరంగుకి తిరిగి పొడిపొడిగా రాలిపోయాయి. అంటే ఆ చుట్టుపక్కల ఇళ్ళలో పొయ్యిలన్నీ ఆర్పెయ్యాలి. మనుషులు, ఆవులు, కుక్కలు, వెచ్చటి ఒళ్ళున్న ప్రాణి ఏదీ అక్కడ ఉండకూడదు. నల్లరాళ్ళు కాగకుండా మబ్బు పట్టిన రోజులు చూసుకుని రెండు రోజులు వీధి వీధంతా గడ్డకట్టాలి.

"కమిటీ ఎల్లుండి వస్తోంది. వాళ్ళు చూసి వెళ్ళేదాకా ఆగలేవా?" అన్నాడు డైరెక్టరు.

"దూడ ఆగలేదు సార్."

"ఏ దూడ?"

హైమవతి వివరించే ఓపిక లేక వచ్చేసింది. ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టింది. జరిగింది చెప్పింది. తప్పు తనదేనంది. ఒకాయన నవ్వాడు. ఒకామె తలుపేసేసింది, మళ్ళీ తెరిచి తిట్టి వేసింది. డోల్కర్ మాత్రం వెనక్కి తిరిగి ఛాంగ్ కుండ వైపు చూసింది.

"నా ఛాంగ్ నీ బూజు తాగిందా?"

"వేడి తాగింది."

"లామాకి దక్షిణ కూడా ఇచ్చాను అక్కా," అంది డోల్కర్. ఆ తర్వాత లోపలికి వెళ్ళి మూటలు కట్టడం మొదలుపెట్టింది.

కొండమీది ఊళ్ళో రిగ్జిన్ అక్కగారి ఇల్లుంది. పెద్ద ఇల్లు. అందరూ అక్కడికే. టాక్సీలో ముందు సీటులో ఆండాళమ్మ గారు కూర్చుని ఒళ్ళో దూడని పెట్టుకున్నారు. మడి కట్టుకునే మనిషి, చీర నిండా దూడ చొంగ. వెనక సీటులో అబీ, ఛాంగ్ కుండ. ఆవుని డోల్కర్ నడిపించింది.

కుక్కలే కదల్లేదు. అదిలించారు, నీళ్ళు చల్లారు, రిగ్జిన్ హారన్ మోగించాడు. అవి మడి గట్టు మీద కళ్ళు మూసుకుని సుఖంగా పడుకున్నాయి. చివరికి పరాంకుశం పెద్ద గిన్నె నిండా పప్పన్నం, దాని మీద నెయ్యి కలిపి పట్టుకుని ముందు నడిచాడు. ఒక్కొక్క కుక్కా లేచింది. సన్నగా మంచు పడుతుంటే, మంకీ క్యాపు పెట్టుకున్న లెక్కల మాస్టారు చేతిలో గిన్నెతో కొండెక్కుతున్నాడు, వెనక వరసగా కుక్కలు. దారిలో ఎదురైన ఆయన స్టూడెంట్లు నమస్కారం పెట్టి, పక్కకి తప్పుకుని, వీడియో తీశారు.

అదే సమయానికి ఢిల్లీ కమిటీ దిగింది. ఛైర్మన్ భటవడేకర్ గారు అరవై దాటిన మనిషి. విమానం దిగినప్పటి నుంచీ చలికి కొంకర్లు పోతున్నారు. ఖాళీ వీధిలో, ఖాళీ ఇంటి ముందు హైమవతి ఒక్కతే నిలబడి ఉంది. ఆయన పెరట్లోకి వచ్చి టమాటా మొక్కలు చూశారు. వంగి మట్టి ముట్టుకున్నారు. తర్వాత బూట్లు విప్పారు, మేజోళ్ళు విప్పారు, మడిలోకి దిగి నిలబడి కళ్ళు మూసుకున్నారు.

"డాక్టర్ హైమవతీ, ఇది దేశానికే గర్వకారణం. దీన్ని ఎందుకు చంపడం?"

"లోపలికొచ్చి కాసేపు కూర్చోండి సార్. టీ ఇస్తాను."

ఆ వీధిలో ఆఖరి పొయ్యి అదే. దాని మీద మరగమరగా కాగిన టీ ఆయన చేతికిచ్చి, ఆండాళమ్మ గారి పరుపు ఉండే చోట కుర్చీ వేసింది. ఆయన మొదటి గుక్క తాగి ఊదుకున్నారు. రెండో గుక్కకి ఊదుకోవలసిన పని లేకపోయింది. మూడో గుక్కకి కప్పులోకి తొంగి చూశారు. నేలకి ఆనించిన కాళ్ళు పైకెత్తుకున్నారు. కాసేపటికి పళ్ళు టకటకలాడాయి.

"ఇది ఎవరి దగ్గర్నుంచి తీసుకుంటుందమ్మా?"

"దగ్గర్లో ఎవరు వెచ్చగా ఉంటే వాళ్ళ దగ్గర్నుంచి సార్. మూడు రోజుల కిందట మా అత్తగారి దగ్గర్నుంచి తీసుకుంది."

ఆయన పెరటివైపు చూశారు. కిటికీలోంచి టమాటా మొక్కలు పచ్చగా, నిగనిగలాడుతూ కనిపిస్తున్నాయి.

"నా బూట్లు ఎక్కడ విప్పాను?" అని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "ఆర్పెయ్యండి," అన్నారు.

హైమవతి పొయ్యిలో నీళ్ళు పోసింది. ప్రయోగశాలలోని జాడీలు కూడా ఆ సాయంత్రమే మంచులో పెట్టించారు. మూడేళ్ళ పని. కొండెక్కి వెళ్తూ ఆవిడ దారి మలుపులో ఒకచోట కూర్చుని బాగా ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని పైకి నడిచింది.

అక్కడ రిగ్జిన్ అక్కగారింట్లో మరో గొడవ. వెచ్చటి వంటింట్లో పెట్టగానే డోల్కర్ ఛాంగ్ మర్నాటికల్లా బుసబుసా పొంగింది. ఆ సంతోషంలో ఎవరూ చూడకుండా అబీ ఒక గిన్నెడు తన స్నేహితురాలికి పోసింది. ఆండాళమ్మ గారు వాసన చూశారు, నాలిక మీద వేసుకున్నారు, మొహం విప్పారింది.

"ఒరే పరాంకుశం! మన తరవాణిరా ఇది! అచ్చం మా అమ్మమ్మ చద్దన్నం గంజి పులియబెట్టి పోసినట్టే ఉంది!"

"అమ్మా, అది—"

"నోర్ముయ్. ఒంటికి ఎంత చలవో తెలుసా?"

పరాంకుశం నిజం చెప్పబోతే హైమవతి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆండాళమ్మ గారు చలవ కోసం మరో రెండు గిన్నెలు తాగారు. ఆ తర్వాత అబీ భుజం మీద చెయ్యి వేసి పాశురాలు అందుకున్నారు. అబీ తన పాట అందుకుంది. దూడ చెవులు రిక్కించి వింటూ కూర్చుంది. అది వణకడం మానేసి అప్పటికి ఒక పూటైంది.

రెండు రోజుల తర్వాత దిగివచ్చేసరికి పెరట్లో మొక్కలన్నీ గాజు బొమ్మల్లా గడ్డకట్టి ఉన్నాయి. హైమవతి తవ్వి చూస్తే పోగులు గోధుమరంగు పొడై రాలాయి. ఇంట్లో పొయ్యి వెలిగించారు. ఇల్లు వేడెక్కింది. ఆండాళమ్మ గారు మొక్కల వైపు వెళ్ళలేదు.

ఆఫీసులో హైమవతిని క్యాబేజీల విభాగంలో వేశారు. వాళ్ళ వీధిలో ఆవిడని చూసి మొహం తిప్పుకున్నవాళ్ళు డోల్కర్ చెల్లెలి పెళ్ళి నాటికి కాస్త మెత్తబడ్డారు. ఒక్క భయం మాత్రం ఆవిడని వదల్లేదు. నేల అడుగున ఎక్కడైనా ఒక్క పోగు మిగిలి ఉంటే, ఎండలు ముదిరాక మళ్ళీ లేస్తుందేమో. రోజూ అత్తగారి పరుపు ఎత్తి చూసేది. రాత్రి అన్నాలయ్యాక చడీచప్పుడూ లేకుండా వెళ్ళి పాలగిన్నె తడిమేది.

మే నెలాఖరు వచ్చింది. కాలవల్లో మంచు కరిగిన నీళ్ళు దిగాయి. వీధిలో అందరూ ఒకే రోజు పెరళ్ళలోకి దిగారు. డోల్కర్ బంగాళాదుంపలు, రిగ్జిన్ ముల్లంగి. ఆండాళమ్మ గారు కొంగున ముడి వేసుకున్న విత్తనాలతో పీట మీద కూర్చున్నారు. పరాంకుశం కొత్తగా బాగుచేసిన మడిలో హైమవతి మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచేయి మణికట్టుదాకా మట్టిలోకి పోనిచ్చింది. అలాగే ఉంచింది.

"ఏవిటే, అలా ఉండిపోయావు? చల్లగా ఉందా?" అన్నారు ఆండాళమ్మ గారు. గొంతులో ఆదుర్దా.

"ఉందండీ."

"బాగా చల్లగానా?"

"వేళ్ళు కొరికేస్తోందండీ," అంది హైమవతి. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"హమ్మయ్య," అని ఆండాళమ్మ గారు కొంగుముడి విప్పారు.